పాట ముందా, బొమ్మ ముందా? మీ అలవాటు ఏంటి?

నేలటికెట్_నల్లగొండ
ఈ వారం ఏం చూడాలి, ఏం వినాలి అనే థ్రెడ్లు ఇక్కడ బోలెడు ఉన్నాయి. నేను అడిగేది అది కాదు. మీరు ఎట్లా చూస్తారు, ఎట్లా వింటారు?

ముందు నా పద్ధతి చెప్తా. కొత్త పాట ఏది వచ్చినా వీడియో చూడను, లిరికల్ వీడియో కూడా చూడను. ఫోన్ బోర్లా పెట్టి వింటాను. నచ్చితే చరణాలు నోటికి వచ్చేదాకా వింటాను. ఆ తర్వాతే థియేటర్. ఒకసారి బొమ్మ చూసిన తర్వాత ఇక ఆ పాట నాది కాదనిపిస్తుంది. హీరో వేసిన స్టెప్పు, ఏదో విదేశీ వంతెన, హీరోయిన్ గాలికి ఎగిరే చున్నీ, ఇవే కళ్ల ముందు తిరుగుతాయి. చూడకముందు అదే పాటకు నాకు మా గడియారం సెంటర్ కనపడేది, పానగల్లు చెరువు కట్ట కనపడేది.

సినిమా మాత్రం ఒకే బిగిన చూస్తా. ఇంట్లో అయినా సరే, ఇంటర్వెల్ కార్డు పడ్డ చోటే లేస్తా. ఫోన్ పక్క గదిలో పెడతా. మా ఇంట్లోవాళ్లు దీన్ని వ్రతం అంటారు.

మీ సంగతి చెప్పండి.

ఓటీటీ_తమ్ముడు
అన్నా, నేను 1.25 స్పీడులో చూస్తా. పాట రాగానే పది సెకన్ల బటన్ టకటకా నొక్కేస్తా. తిట్టాలనుకున్నవాళ్లు వరుసలో రండి.

ఫ్లాక్_పిచ్చోడు (జడ్చర్ల)
తమ్మీ, వరుసలో మొదటివాణ్ణి నేనే.

వంటింటి_శ్రోత
నాది హుజూర్‌నగర్, ఉద్యోగం హైదరాబాద్‌లో. నేలటికెట్ అన్నా, సినిమా ఒకే బిగిన చూస్తానన్నారు, సంతోషం. ఆ రెండున్నర గంటలు మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో కూడా రాస్తే బాగుండేది.

నేను సినిమాను ముక్కలుగా చూస్తా. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, రొట్టెలు చేసుకుంటూ ఒక ముక్క. మర్నాడు పిల్ల పడుకున్నాక ఇంకో ముక్క. క్లైమాక్స్ ఒక్కటి మాత్రం ఆదివారానికి దాచుకుంటా. దీనివల్ల సినిమా పాడైందని నాకెప్పుడూ అనిపించలేదు. మధ్యలో ఆపినప్పుడే కదా తర్వాత ఏమవుతుందో అని రోజంతా ఆలోచిస్తాం. మా అమ్మావాళ్లు వారపత్రికలో సీరియల్ చదివింది ఇట్లాగే.

ఇక పాట. ముందు వినాలి, తర్వాత చూడాలి అనే నియమం అన్ని పాటలకూ నడవదు. లవకుశ (1963) తీసుకోండి. తెర మీద ఇద్దరు చిన్నపిల్లలు. పాడింది పి.లీల, పి.సుశీల. కళ్లు మూసుకుని వింటే ఇద్దరు పెద్ద గాయనులు పోటాపోటీగా పాడుతున్నట్టే ఉంటుంది. కళ్లు తెరిస్తే అవే గొంతులు ఆ పిల్లల గొంతులైపోతాయి. ఇక్కడ బొమ్మ పాటను చెడగొట్టిందా? నాకైతే అట్లా అనిపించదు.

అందులో లక్ష్మణుడు కాంతారావు గారు. కోదాడ దగ్గర గుడిబండ ఆయనది. టీవీలో ఎప్పుడు వచ్చినా మా అమ్మ పని ఆపి "మనూరాయన" అనేది. మా ఊరికీ గుడిబండకూ ఉన్న దూరం ఆమెకు లెక్కలోకి రాదు.

మక్తల్_రేడియో
రిటైర్డ్ టీచర్ని. మా కాలంలో ఈ ప్రశ్నే లేదు. బొమ్మ చూడాలంటే మహబూబ్‌నగర్ పోవాలి, లేదా టూరింగ్ టాకీసు డేరా వేసేదాకా ఆగాలి. పాట మాత్రం రేడియోలో రోజూ వచ్చేది. కొన్ని పాటలు విన్న ఎన్నో ఏళ్లకు గానీ వాటి బొమ్మ చూడలేదు. కొన్నింటిది ఇప్పటికీ చూడలేదు, చూడాలనీ లేదు.

మా ప్రాంతం వాళ్లకు ఇంకో వైభోగం ఉండేది. సరిహద్దు కాబట్టి ముల్లు కొంచెం తిప్పితే గుల్బర్గా, ధార్వాడ స్టేషన్లు దొరికేవి. రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్. బుధవారం వచ్చిందంటే అమీన్ సయానీ హిందీ పాటల కార్యక్రమం, బినాకా గీత్‌మాలా. హిందీ సరిగ్గా రాని మా నాన్న కూడా ఆయన గొంతు కోసమే కూర్చునేవాడు. అట్లా తెలుగు, కన్నడ, హిందీ మూడూ ఒక్క పెట్టెలోంచే మా ఇంట్లోకి వచ్చాయి. ఆ పెట్టెకు పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాలని ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు.

కన్నడ రాజ్‌కుమార్ పాట అంటే మాకు పి.బి.శ్రీనివాస్ గొంతే. ఆయన పుట్టింది కాకినాడలో. 1974 తర్వాత రాజ్‌కుమార్ తన పాటలు తనే పాడుకోవడం మొదలుపెట్టారు, అదీ బ్రహ్మాండంగా పాడారు. కానీ పాత గొంతుతో బొమ్మను ఊహించుకున్న మాలాంటివాళ్లకు అలవాటు కావడానికి టైం పట్టింది. తెర మీద మనిషి ఎప్పుడూ ఒక్కడే. మా చెవిలో మాత్రం ఇద్దరు.

నా అలవాటు ఇప్పటికీ ఒక్కటే. నోట్‌బుక్. పాట, సినిమా, రాసినవారు, స్వరం కట్టినవారు, పాడినవారు. వివిధ భారతిలో పాటకు ముందు ఇవన్నీ చెప్పేవాళ్లు, వినుకుంటూ గబగబా రాసేవాణ్ణి. ఇప్పుడు యాప్‌లలో గాయకుడి పేరు పెద్దగా ఉంటుంది. రాసినవారి పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి, ఇంకేదో నొక్కి, లోపలికి పోయి వెతకాలి. దొరికినా ఒక్కోసారి అది సంగీత దర్శకుడి పేరే అయి ఉంటుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఫ్లాక్_పిచ్చోడు (జడ్చర్ల)
మక్తల్ సారూ, మీ నోట్‌బుక్ పేజీ ఒకటి ఫొటో తీసి పెట్టండి ప్లీజ్.

నా పద్ధతి పేరులోనే ఉంది. ఫ్లాక్ అంటే పాటలో ఏదీ పోకుండా దాచే ఫైలు రకం. సీడీలో ఉన్న పాటను కుదించకుండా పెడితే సెకనుకు 1,411 కిలోబిట్లు. మామూలుగా మనం వినే ఎంపీ3 128 లేదా 320. దాన్ని చిన్న బ్లూటూత్ స్పీకర్‌కు పంపేటప్పుడు ఫోన్ ఇంకోసారి కుదిస్తుంది. అందుకని ఇంట్లో వైరున్న హెడ్‌ఫోన్సే వాడతా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పాత మోనో (ఒకే ఛానెల్) పాటలకు ఈ లెక్కలు పెద్దగా పనిచేయవు. 1950ల నాటి పాటను ఏ ఫార్మాట్‌లో పెట్టినా అప్పుడు మైకు పట్టిందే ఉంటుంది. వాటికి అసలు శత్రువు వేరే ఉంది. క్యాసెట్ల కాలంలో పాత పాటల వెనక డప్పుల మెషిన్ దరువు అతికించి "ఝంకార్ బీట్స్" అని అమ్మారే, అది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో సగం ఫైళ్లు అవే. మంచి పాట అనుకుని నొక్కగానే వెనక నుంచి టిక్కు టిక్కు మంటుంది.

ఇంకో సంగతి. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. అందుకే కొన్ని పాటలకు రికార్డు కోసం ఒక చరణం ఎగరగొట్టేవాళ్లు. ఆ చరణం సినిమాలోనే ఉంటుంది. "నేను వినడమే, చూడను" అనే నేలటికెట్ అన్న ఈ లెక్కన కొన్ని పాటలు పూర్తిగా విననట్టే.

నేలటికెట్_నల్లగొండ
చూడను అనలేదు బాబూ, ముందు వింటా అన్నా. పొయ్యి దగ్గర ఎవరున్నారన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, మా ఆవిడ ఈ థ్రెడ్ చదువుతోంది.

రీలు_డబ్బా (దేవరకొండ)
ఈ థ్రెడ్ మా అబ్బాయి చూపించిండు. నేను ఇరవై ఏళ్లకు పైగా టాకీసులో ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. మీరందరూ పాటను బొమ్మ లేకుండా విన్నామంటున్నారు. నేను బొమ్మను పాట లేకుండా చూసినవాణ్ణి.

క్యాబిన్‌లో మిషన్ చప్పుడు ఎట్లుంటదో తెలుసా? గోడకు ఒక చిన్న స్పీకర్ ఉంటది, అది అరిచినా వినపడదు. చిన్న అద్దం కిటికీలోంచి తెర చూస్తుండాలె. అన్ని పాటలూ నాకు మూగగానే తెలుసు. హీరో ఎప్పుడు చెయ్యి ఎత్తుతడు, ఏ చెట్టు దగ్గర చీర మారుతది, అన్నీ కంఠతా. ఆ పాట ఎట్లుంటదో తర్వాత హోటల్‌లో టేప్‌రికార్డర్ మీద విని "ఓహో ఇదా" అనుకునేది.

పని ఎట్లుండేదో రాయమంటే రాస్తా. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు పోతది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమా అంటే పదమూడున్నర వేల అడుగులు. రెండు మిషన్లుంటయి. ఒకదాంట్ల రీలు అయిపోవస్తున్నప్పుడు తెర మీద కుడి పక్క పై మూలన ఒక చుక్క మెరుస్తది. అది చూసి రెండో మిషన్ మోటార్ ఆన్ చేయాలె. ఇంకో చుక్క రాంగనే మార్చాలె. జనానికి ఆ చుక్క కనపడదు, నాకు అది తప్ప ఇంకేం కనపడదు. ఇప్పటికీ టీవీల పాత సినిమా వస్తే నా కన్ను ఆ మూలకే పోతది.

లైటు కార్బన్ కడ్డీలది. రెండు కడ్డీల నడుమ మంట. కడ్డీ కాలినకొద్దీ సందు పెరుగుతది, దగ్గరికి జరుపుతుండాలె. ఏమరుపాటుగా ఉంటే తెర మసకబారి ఎర్రగ అయితది. ఇగ కింద నుంచి ఈలలు, కుర్చీల చప్పుడు, మా అమ్మానాన్నల మీద శ్లోకాలు.

పాట ముందా బొమ్మ ముందా అని అడిగిండ్రు గదా. ఫిల్ము మీద పాటే ముందు. ఏ బొమ్మకు ఆ సౌండు దాని పక్కనే అచ్చుకాదు. మిషన్‌లో బొమ్మ పడే గేటు పైన, సౌండు చదివే హెడ్డు కింద. రెండూ ఒకేసారి రావాలంటే ఆ సౌండు ఇరవై ఫ్రేముల దాకా ముందు ఉండాలె. నడుమ ఫిల్ము వదులుగా ఒక మలుపు ఉంటది, లూపు అంటం. ఆ లూపు పెద్దగైనా చిన్నగైనా పెదాలొక తీరు, మాటొక తీరు. హీరో నోరు మూసుకున్నంక డైలాగు వస్తది.

ఓటీటీ_తమ్ముడు
అన్నా, ఈ పోస్టు మాత్రం 1x లోనే చదివిన.

వంటింటి_శ్రోత
రీలు అన్నా, పాటలు కట్ చేసేవాళ్లట కదా, సెకండ్ షో తొందరగా వదిలేయడానికి?

రీలు_డబ్బా (దేవరకొండ)
చేసేటోళ్లు చెల్లె. నాలుగో వారం దాటితే, లాస్ట్ బస్సు టైమైతే ఒక పాట రీలు నుంచి ఎగిరిపోయేది. సాధారణంగా సెకండాఫ్‌ల వచ్చే డ్యూయెట్టు. జనమే బయటికి పోతుండ్రి గదా బీడీకి. కానీ ఒక్కోసారి అదే పాట కోసం వచ్చినోడు ఒకడుంటడు, గేటు కాడ కొట్లాటకు దిగేటోడు. రీలు మళ్ల ఎక్కించలేం, మరుసటి రోజు మ్యాట్నీకి ఊరికే పంపేది.

అచ్చంపేట_గుట్టలు
మీరంతా సినిమా పాట గురించే మాట్లాడుతున్నారు. మా వైపు పాట అంటే పాడే మనిషి ఎదురుగా ఉండాలి.

పన్నెండు మెట్ల కిన్నెర చూశారా ఎవరైనా దగ్గర నుంచి? వెదురు బొంగు, దాని కింద సొరకాయ బుర్రలు, మీద మెట్లు. దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక, అంతకుముందు ఏడాది ఒక పెద్ద హీరో సినిమా పాటకు ఆయన గొంతు పెట్టాక, అందరూ ఆ నిమిషం ముక్కనే విన్నారు. కిన్నెర కథ అట్లా ముక్క వింటే వచ్చేది కాదు. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ కూర్చుని వినాలి. ఆయన వేలు మెట్టు మీద జరగడం, తీగ మీటి ఆగడం, జనంలోకి చూసి మాట అందుకోవడం, అదంతా కలిపితేనే పాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తీగ చప్పుడే మిగులుతుంది.

గోరటి వెంకన్న పాట కూడా అంతే. తెలకపల్లి దగ్గర గౌరారం ఆయనది, మాకు పక్కనే. పల్లె కన్నీళ్ల మీద ఆయన రాసిన పాట కుబుసం సినిమాలో వచ్చింది, లోకమంతా విన్నది. మేం మాత్రం ఆయన స్టేజీ మీద గెంతుతూ, చెయ్యి ఊపుతూ, చరణం మధ్యలో ఆపి మాట్లాడుతూ పాడగా విన్నాం. రికార్డింగులో ఆ మధ్యలో ఆపడాలు ఉండవు. నాకు కావలసింది అవే.

కాబట్టి నేలటికెట్ అన్నా, బొమ్మ పాటను తినేస్తుందన్న మీ మాట స్టూడియో పాటకు సరే. జనం పాటకు చెల్లదు.

నేలటికెట్_నల్లగొండ
గుట్టలు అన్నా, మీరు సరిగ్గా నా గుండెకాయ మీద కొట్టారు. మా జిల్లా పాటే ఉదాహరణగా తీసుకుంటా.

మా భూమి 1979లో వచ్చింది. అందులో బండెనక బండి పాట గద్దర్ పాడుతూ కనపడతారు. అది సినిమా కోసం పుట్టిన పాట కాదు. బండి యాదగిరి పాట, సాయుధ పోరాటం నాటిది. సుద్దాల హనుమంతు గారి పల్లెటూరి పిల్లగాడా పాట కూడా అంతే, సినిమాకు ముప్పై ఏళ్ల ముందే ఊళ్లలో ఉంది. మా తాత ఆ పాటలు కల్లం దగ్గర పాడేవాడు. రాగం సినిమాలో ఉన్నట్టు ఉండేది కాదు, ఇంకా ఈడ్చి పాడేవాడు. ఆయన సినిమా చూసి "పాట సరిగ్గనే పాడిండు గానీ తొందరపడుతున్నడు" అన్నాడు.

నేను ముందు తాత నోట విన్నా, తర్వాత తెర మీద గొంగడి, గజ్జెలు, ఆ గొంతు చూశా. నా పద్ధతి ప్రకారం అయితే తాత పాట చెరిగిపోవాలి. చెరగలేదు. రెండూ వేర్వేరుగా ఉన్నాయి, ఏది కావాలంటే అది వినపడుతుంది. ఎందుకు ఇట్లా అంటే నాకు తోచింది ఇది: సినిమా పాటను ఒకళ్లే పాడతారు, ఒక్కసారే రికార్డు చేస్తారు. ఊరి పాటకు అసలు ప్రతి అంటూ ఉండదు కాబట్టి ఇంకొకటి వచ్చి చేరినా ఇబ్బంది లేదు.

అయినా స్టూడియో పాటల విషయంలో నా ఫోన్ బోర్లానే ఉంటుంది.

ఫ్లాక్_పిచ్చోడు (జడ్చర్ల)
> ఒకళ్లే పాడతారు, ఒక్కసారే రికార్డు చేస్తారు

స్టూడియో పాటలోనూ చేతులు మారతాయి. మాయాబజార్ (1957)లో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఆయన తప్పుకున్నాక మిగతా పని ఘంటసాల గారు పూర్తి చేశారు. తెలిసి విన్నా అతుకు ఎక్కడుందో నాకు దొరకదు. ఇది మాత్రం బొమ్మ ఆపి, పాటలు వరుసగా పెట్టుకుని వినాల్సిన సినిమా.

మక్తల్_రేడియో
నా నోట్‌బుక్‌లో ఆ నాలుగు పాటల పక్కన చిన్న గీత పెట్టి ఉంది.

ఇంకో మాట గుర్తొచ్చింది. టాకీసులో తెర లేచేటప్పుడు ఘంటసాల గారి నమో వెంకటేశా వేసేవాళ్లు. అది ఏ సినిమాలోదీ కాదు, ప్రైవేటు రికార్డు. బొమ్మ లేని పాట. అయినా అది వినపడితే నాకు ముడతలు ముడతలుగా పైకి పోయే ఎర్రటి పరదా కనపడుతుంది. గుడిలో మైకులో వేసినా పరదానే.

రీలు_డబ్బా (దేవరకొండ)
ఆ పాట పెట్టేది కూడా నేనే సారూ. అది మొదలైందంటే టికెట్ కౌంటర్ కాడ ఉరుకులాట. కొందరు ఓనర్లు జనం తక్కువుంటే రెండోసారి కూడా వేయించేటోళ్లు.

ఓటీటీ_తమ్ముడు
నా వైపు నుంచి ఒక్క మాట. నాకు పాటలు ఎట్లా అలవాటయ్యాయో చెప్తే మీకు ఇంకా మండుతుంది. ముప్పై సెకన్ల రీల్స్‌లో. ముక్క నచ్చితే పూర్తి పాట వెతుకుతా. అట్లా వెతికినప్పుడు చాలాసార్లు ఆ ముక్క పాటలో ఎక్కడో రెండో చరణం తర్వాత వస్తుంది. దాని కోసం ముందున్నదంతా వినాల్సి వస్తుంది. అట్లా ఇళయరాజా దాకా పోయిన. మీరు రేడియో ముల్లు తిప్పితే ఏది తగిలితే అది విన్నారు, నేను వేలితో తిప్పుతున్నా. తేడా ఏముంది?

మక్తల్_రేడియో
తేడా ఉంది నాయనా. రేడియోలో నచ్చని పాట వస్తే అయిపోయేదాకా ఊరుకోవాలి. అట్లా ఊరుకుని విన్న పాటలే తర్వాత నాకు బాగా ఇష్టమైనవి.

వంటింటి_శ్రోత
సారూ, తమ్ముడి మాటలోనూ న్యాయం ఉంది. ఎల్బీనగర్ నుంచి బస్సెక్కితే నార్కట్‌పల్లి దాకా యాప్ తనంతట తాను ఏదో ఒకటి వేస్తూ ఉంటుంది. చేతిలో సంచీ, ఒళ్లో పిల్ల. ఫోన్ తీసి మార్చే వీలుండదు. నేనూ అట్లా ఊరుకుని వింటున్నదాన్నే.

మోడరేటర్
కార్బన్ కడ్డీల మీద అడిగిన తొమ్మిది ప్రశ్నలు "పాత టాకీసులు" విభాగానికి మార్చాను. రీలు_డబ్బా గారూ, అక్కడ మీ కోసం ఎదురుచూస్తున్నారు.

మిర్యాలగూడ_మిల్లు
ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మా నాన్న రికార్డింగ్ సెంటర్‌లో లిస్టు రాసిచ్చి నింపించుకున్న క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వేసి చూస్తే కొన్ని అసలు తిరగట్లేదు, ఒకటి తిరిగింది గానీ పాట బావిలోంచి వచ్చినట్టుంది. పారేయాలా?

ఫ్లాక్_పిచ్చోడు (జడ్చర్ల)
పారేస్తే మీ ఇంటికొస్తా.

ముందు టేప్‌రికార్డర్ హెడ్డు స్పిరిట్‌తో, దూదితో తుడవండి. బావిలో శబ్దానికి సగం కారణం అదే. తర్వాత క్యాసెట్‌లో టేపు వెనక చిన్న స్పంజి ముక్క ఉంటుంది, రాగి రేకు మీద. అది ఊడిపోతే టేపు హెడ్డుకు ఆనదు, శబ్దం మందగిస్తుంది. పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి అందులోది తీసి పెట్టొచ్చు. తిరగనివాటిని బలవంతంగా ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి, తెగుతుంది. స్క్రూలున్న డబ్బా అయితే విప్పి, రెండు చక్రాలూ టేపుతో సహా ఇంకో డబ్బాలోకి మార్చండి. 90 నిమిషాలవాటి టేపు 60వాటికన్నా పల్చన, వాటితో ఇంకా జాగ్రత్త. తెల్లగా బూజు కనపడితే అది వేయకండి, మిషన్ కూడా పాడవుతుంది.

మిర్యాలగూడ_మిల్లు
బూజు రెండింటికే ఉంది. ఒక క్యాసెట్‌లో పాటల మధ్యలో మా నాన్న గొంతు కూడా ఉంది, ఎవరితోనో వడ్ల రేటు మాట్లాడుతున్నాడు.

ఫ్లాక్_పిచ్చోడు (జడ్చర్ల)
అది అన్నిటికన్నా ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మీకు వీలుకాకపోతే జడ్చర్ల తీసుకురండి, నేను చేసిస్తా. అట్ట మీద నాన్నగారు రాసిన పాటల లిస్టు కూడా తెండి. మెసేజ్ పెట్టాను, చూడండి.

మక్తల్_రేడియో
ఆ లిస్టు ఫొటో ఇక్కడ కూడా పెట్టు నాయనా. రాసినవారి పేర్లు నేను నింపిపెడతా.